స్టీలు రిమ్మా, అల్లాయ్ రిమ్మా: ఏది గట్టిది, ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పి మొదలుపెడతాను. మీ బరువు 92 కిలోలు. విజయవాడలో ఆఫీసుకు రానూపోనూ రోజుకు 28 కిలోమీటర్లు తొక్కుతారు. 700సి కొలత చక్రాల హైబ్రిడ్ సైకిల్, వెనక చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే వి-బ్రేకులు. ఏడాదిలో నాలుగు పుల్లలు తెగాయి. ఇప్పుడు రిమ్ము మీద రెండు పుల్లల రంధ్రాల చుట్టూ వెంట్రుకలాంటి పగుళ్లు కనిపిస్తున్నాయి. షాపులో మెకానిక్ "స్టీలు రిమ్ము వేయించుకోండి సార్, ఇక చూసుకోనక్కర్లేదు" అన్నారు. మీ స్నేహితుడు కార్బన్ ఫైబర్ రిమ్ము మంచిదన్నారు. ఏది గట్టిది, ఏది ఎక్కువ కాలం వస్తుంది అని అడిగారు.

ముందుగా, ఆ చక్రంతో రేపటి నుంచి రోడ్డెక్కకండి. రంధ్రం చుట్టూ పగులు మొదలైతే అది ఆగదు. ఏదో ఒక రోజు గుంతలో పడినప్పుడు నిపిల్, అంటే పుల్లను రిమ్ముకు బిగించే చిన్న మర, రిమ్మును చీల్చుకుని బయటికి వస్తుంది. చక్రం ఒక్కసారిగా వంకర తిరిగి బ్రేకుకో, ఫ్రేముకో పట్టేస్తుంది. బెండు తీయిస్తే సరిపోతుందని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. పగిలిన రిమ్ముకు బెండు తీయడమంటే ఆ పగులునే మరింత లాగడం.

నేను మా నాన్నగారి అద్దె సైకిళ్ల షాపులో చక్రాలు కట్టడం నేర్చుకున్నాను. పాతికేళ్లుగా హైదరాబాద్‌లో అదే పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో రిమ్ములు పాడవడం నాలుగు రకాలుగా చూశాను. గుంతలో పడి సొట్టపోవడం, రంధ్రాల దగ్గర పగలడం, బ్రేకు రబ్బర్లకు గోడ అరిగిపోవడం, తుప్పు పట్టడం. ఒక రకానికి బాగా తట్టుకునే రిమ్ము ఇంకో రకానికి తొందరగా లొంగిపోతుంది. అందుకే "ఏది గట్టిది" అని ఎవరైనా అడిగితే, మీ చక్రాన్ని ఏది తినేస్తోందని తిరిగి అడుగుతాను. మీ విషయంలో జవాబు తెలుస్తూనే ఉంది, అది రెండో రకం.

స్టీలు మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ వాళ్ల పాత నల్ల సైకిళ్ల మీద రెండు బియ్యం బస్తాలు వేసుకుని పొలం గట్ల మీద నడిపిన ఊళ్లు మనవి. ఆ చక్రాలు నిజంగానే ఇరవై, ముప్ఫై ఏళ్లు వచ్చాయి. అయితే ఆ ఘనత స్టీలుది ఒక్కదానిదే కాదు. ఆ సైకిళ్లకు వెనక చక్రానికి 40 పుల్లలు ఉండేవి, ముందు 32. టైరు ఒకటిన్నర అంగుళాల వెడల్పు. గేర్లు లేవు కాబట్టి వెనక చక్రంలో కుడివైపు, ఎడమవైపు పుల్లలు దాదాపు ఒకే టెన్షన్‌తో ఉండేవి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కగోడను కాకుండా లోపలి ముఖాన్ని, అంటే చక్రం మధ్యలోని హబ్ వైపు ఉన్న ముఖాన్ని పట్టేవి. వేగమూ తక్కువే. ఇన్ని కలిసొచ్చి ఆ చక్రం నిలబడింది. అదే స్టీలును 32 పుల్లలతో, ఏడు గేర్ల వెనక చక్రానికి, సన్నటి టైరు కింద పెడితే ఆ మన్నిక రాదు.

కొలతలు చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియంది 2.7. సాగకుండా, వంగకుండా నిలిచే బిగువులో కూడా దాదాపు అదే నిష్పత్తి: స్టీలుకు 200 గిగాపాస్కల్, అల్యూమినియానికి 70. అంటే స్టీలు మూడు రెట్లు బిగువైనది, మూడు రెట్లు బరువైనది కూడా. అదే బరువుకు అల్యూమినియం రేకు మూడు రెట్లు మందంగా వేసుకోవచ్చు. రేకు వంగకుండా ఆపే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, సమాన బరువు దగ్గర అల్యూమినియం రేకు వంగడానికి దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ ఎదురు నిలుస్తుంది. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. మామూలు మైల్డ్ స్టీలు సుమారు 250 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. వేడిచేసి గట్టిపరచిన 6061-టీ6 అల్లాయ్, అంటే అల్యూమినియం మిశ్రమం, సుమారు 275 వరకు నిలుస్తుంది. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంది కాబట్టి స్టీలే గట్టిదన్న భావన ఇక్కడే తప్పుతుంది.

స్టీలుకు రెండు మంచి గుణాలు మాత్రం ఖాయం. సొట్ట పడితే సుత్తితో, కొయ్య దిమ్మతో సరిచేయవచ్చు, అల్లాయ్ రెండోసారి వంచితే పగులుతుంది. అలాగే ఒక హద్దు లోపల ఉన్న ఒత్తిడిని స్టీలు ఎన్ని లక్షల సార్లైనా భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న ఒత్తిడైనా తగినన్ని సార్లు పడితే చివరికి పగులుతుంది. అందుకే అల్లాయ్ రిమ్ములో ఆ ఒత్తిడి ఒకే చోట పోగుపడకుండా విస్తరించేలా ఆకారం ఉండాలి.

మీ సమస్య మూలం ఇక్కడే ఉంది, కాస్త వివరంగా చెబుతాను.

సైకిల్ చక్రం ఎడ్లబండి చక్రంలాంటిది కాదు. బండి చక్రంలో కింది ఆకు బరువు మోస్తుంది. సైకిల్ పుల్ల అంత సన్నటిది, నొక్కితే వంగిపోతుంది, అది బరువు మోయలేదు. అందుకే పుల్లలన్నిటినీ ముందే గట్టిగా లాగి బిగిస్తాం. మీరు ఎక్కి కూర్చుంటే నేలకు తాకే చోట రిమ్ము కాస్త నొక్కుకుని, అక్కడి మూడు నాలుగు పుల్లల టెన్షన్ తగ్గుతుంది. మిగతా పుల్లల్లో పెద్దగా తేడా ఉండదు. చక్రం తిరిగే కొద్దీ ప్రతి పుల్లా ఒకసారి వదులై, మళ్లీ బిగుసుకుంటుంది. మీ టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు, కిలోమీటరుకు 460 చుట్లు. రోజుకు 28 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తొక్కితే 8,400 కిలోమీటర్లు. ప్రతి పుల్లా, దాన్ని పట్టుకున్న ప్రతి రంధ్రమూ ఏడాదిలో సుమారు 38 లక్షల సార్లు వదులై బిగుసుకుంటున్నాయన్నమాట.

ఇప్పుడు మీ చక్రం. నలుగురికీ ఒకటే చక్రం అన్నట్టు వచ్చే సైకిళ్లలో వెనక చక్రాన్ని మెషీన్ మీద కట్టి, టెన్షన్ తక్కువగానే వదిలేస్తారు. పైగా గేర్ల కోసం చోటు వదలడంతో కుడివైపు పుల్లలు నిలువుగా, ఎడమవైపువి ఏటవాలుగా నిలుస్తాయి. ఎడమవైపు టెన్షన్ కుడివైపు దానిలో 60 శాతం దగ్గరే ఉంటుంది. కుడివైపే తక్కువగా ఉంటే ఎడమవైపు పుల్లలు మీ బరువుకు పూర్తిగా వదులైపోతాయి. పూర్తిగా వదులైన పుల్ల హబ్ దగ్గర వంపులో ప్రతి చుట్టుకూ కదులుతూ ఉంటుంది, చివరికి అక్కడే తెగుతుంది. మీ నాలుగు పుల్లలూ హబ్ దగ్గరి వంపులోనే తెగి ఉంటాయని నా అంచనా. మరీ బిగించారు కాబట్టి తెగాయని చాలామంది అనుకుంటారు, నేను చూసినవాటిలో ఎక్కువ భాగం వదులు వల్ల తెగినవే.

పుల్ల తెగిన ప్రతిసారీ కొత్తది వేసి, చక్రం ఊగుతున్న చోట పక్క పుల్లలను గట్టిగా బిగించి బెండు తీసి ఉంటారు. అలా నాలుగుసార్లు చేస్తే చక్రం చూడ్డానికి తిన్నగానే తిరుగుతుంది, కానీ ఒక పుల్ల 150 కిలోలు లాగుతుంటే పక్కది 50 లాగుతూ ఉంటుంది. ఆ 150 లాగుతున్న పుల్లల రంధ్రాలే ఇప్పుడు పగిలాయి. స్టీలు రిమ్ము వేసి మళ్లీ ఇలాగే బిగిస్తే రిమ్ము పగలడం ఆలస్యమవుతుందేమో, పుల్లలు మాత్రం తెగుతూనే ఉంటాయి.

అల్లాయ్ రిమ్ముల్లో సింగిల్ వాల్, డబుల్ వాల్ అనే తేడా లోహం కంటే ముఖ్యమైనది. సింగిల్ వాల్ అంటే ఒకే రేకు, కాలువలా వంచినట్టు ఉంటుంది. నిపిల్ తల నేరుగా ట్యూబు కూర్చునే చోటే కనిపిస్తుంది. డబుల్ వాల్‌లో కింద ఒక గోడ, పైన ఒక గోడ, మధ్యలో ఖాళీ పెట్టె. పుల్లలు కింది గోడను పట్టుకుంటాయి, ట్యూబు పై గోడ మీద కూర్చుంటుంది. మూసిన పెట్టె కాబట్టి మెలి తిరగడానికి, వంగడానికి ఎంతో ఎక్కువగా ఎదురు నిలుస్తుంది. గుంత దెబ్బ నాలుగు పుల్లలకు బదులు ఆరేడు పుల్లల మీద పంచుకుంటుంది. షాపులో గుర్తుపట్టడం సులువు: టైరు, రిమ్ టేపు తీసి చూడండి. రంధ్రంలో నిపిల్ తల చిన్న బావిలో ఉన్నట్టు లోపలికి కనిపిస్తే డబుల్ వాల్. కొన్నింటికి ప్రతి రంధ్రానికీ స్టీలు ఐలెట్ ఉంటుంది, మన బూట్ల లేసు రంధ్రానికి ఉండే రింగులాంటిది. అది నిపిల్ లాగుడును చుట్టూ పంచుతుంది. రెండు గోడలనూ కలిపి పట్టుకునే డబుల్ ఐలెట్ ఇంకా మంచిది. ఐలెట్ లేకపోయినా కింది గోడ రంధ్రాల దగ్గర మందంగా చేసిన రిమ్ములు కూడా బాగా నిలుస్తాయి. మీలాంటి వాడకానికి చేసిన టూరింగ్ రిమ్ములు సాధారణంగా 500 నుంచి 700 గ్రాముల మధ్య ఉంటాయి. 400 గ్రాముల రేసు రిమ్ము ఎంత మంచి పేరున్నదైనా మీకు వద్దు. పేరు చూసి కొనాలనుకుంటే రైడ్ వాళ్ల ఆండ్రా, స్పుత్నిక్, వెలాసిటీ వాళ్ల డయాడ్, సన్ వాళ్ల రైనో లైట్ ఇలాంటి భారమైన పనికి పేరున్నవి.

బ్రేకు అరుగుదల గురించి నాకు స్వయంగా తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక వెనక చక్రం తుపాకీ పేలినట్టు పేలింది. ట్యూబే అనుకుని దిగి చూస్తే రిమ్ము పక్కగోడ చెయ్యి పొడవునా చీలి బయటికి తెరుచుకుంది. అంతకు ముందు రెండు వర్షాకాలాలు అదే రిమ్ముతో తొక్కాను. గోడ మీద అరుగుదల గుర్తుగా ఉండే సన్నటి గాడి ఎప్పుడో మాయమైంది, నేను చూడలేదు. అది ముందు చక్రమైతే ఈ జవాబు రాసేవాణ్ణి కాదేమో.

వి-బ్రేకు సైకిల్‌లో రిమ్మే బ్రేకు డిస్కు. వాన నీళ్లు, రోడ్డు ఇసుక, అల్యూమినియం పొడి కలిసి సానరాయి ముద్దలా తయారై గోడను తింటాయి. కొత్త గోడ ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఒక మిల్లీమీటరు కంటే తగ్గిందంటే రిమ్ము మార్చాలి. గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటే అది కనబడకుండా పోయినప్పుడు మార్చాలి. కొన్ని కంపెనీల రిమ్ములకు తిరగేసి ఉంటుంది, అరిగాక లోపలి నుంచి రంధ్రం బయటపడుతుంది. ఏ గుర్తూ లేకపోతే స్టీలు స్కేలు అంచును గోడకు ఆనించి చూడండి, మధ్యలో వెలుగు కనిపిస్తే గోడ గిన్నెలా లోపలికి తిన్నదన్నమాట. నెలకోసారి బ్రేకు రబ్బర్లు తీసి చూసి, అందులో మెరిసే లోహపు ముక్కలు ఇరుక్కుంటే సూదితో పీకేయండి. ఈ ఒక్క పనితో రిమ్ము వయసు ఎంతో పెరుగుతుంది.

ఈ అరుగుదల విషయంలో స్టీలు గెలుస్తుంది, గోడ అంత తొందరగా అరగదు. కానీ క్రోమ్ పూసిన స్టీలు తడిస్తే రబ్బరు జారిపోతుంది. వానలో బెంజ్ సర్కిల్ దగ్గర మీ ముందు ఆటో ఆగితే, లివరు పూర్తిగా నొక్కినా రెండు మూడు చుట్లు తిరిగి నీళ్లు తుడుచుకున్నాకే పట్టు దొరుకుతుంది. ఈ ఒక్క కారణంతోనే వి-బ్రేకు సైకిల్‌కు స్టీలు రిమ్ము వద్దని చెబుతాను.

పైగా షాపుల్లో సులువుగా దొరికే 28 అంగుళాల స్టీలు రిమ్ము పాత నల్ల సైకిల్‌ది, టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు. మీ 700సి రిమ్ముది 622. మీ టైరు దానికి ఎక్కదు, బ్రేకు రబ్బర్లు కూడా ఆరున్నర మిల్లీమీటర్లు పైకి జరపాల్సి వస్తుంది. టైరు పక్కన 37-622 లాంటి అంకె చూసి, ఆ రెండో సంఖ్య రిమ్ముతో సరిపోతేనే కొనండి.

తుప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాకినాడ, భీమిలి లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో స్టీలు రిమ్ము రంధ్రాల లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైకి క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది. మీది విజయవాడ కాబట్టి ఆ బాధ తక్కువ. నిపిల్స్ మాత్రం ఇత్తడివే వేయించండి. అల్యూమినియం నిపిల్స్ కొన్నేళ్లకు పట్టేసుకుని తిరగవు.

కార్బన్ గురించి మీ స్నేహితుడు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. బరువుతో పోల్చితే దాని బలం అల్యూమినియం కంటే చాలా ఎక్కువ, డిస్క్ బ్రేకుల మౌంటెన్ బైకుల్లో రాళ్ల మీద కూడా నిలుస్తోంది. కానీ దానికి సొట్ట అనేది ఉండదు. భరించగలిగినంత వరకు భరిస్తుంది, ఆ తర్వాత పగులుతుంది. ఆ పగులు ఒక్కోసారి పొరల మధ్యనే ఉండి బయటికి కనిపించదు. రిమ్ బ్రేకు పడే కార్బన్‌కు వేడి కూడా సమస్యే. ఒక లెక్క చూడండి: మనిషి, సైకిల్ కలిపి 110 కిలోలు, వంద మీటర్ల ఎత్తు నుంచి దిగుతూ ఆ శక్తినంతా బ్రేకులతోనే ఆపితే పుట్టే వేడి, 550 గ్రాముల అల్యూమినియం రిమ్ములు రెండింటిని, గాలి చల్లార్చకపోతే, వంద డిగ్రీలకు పైగా వేడెక్కించగలదు. అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతుంటే ఇలాంటి వంద మీటర్లు ఎన్నో వస్తాయి. అల్యూమినియం ఆ వేడిని చుట్టూ పంచి గాలికి వదిలేస్తుంది. కార్బన్‌లో వేడి అక్కడే నిలిచి, పోగులను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే వి-బ్రేకు సైకిల్‌కు కార్బన్ పెట్టమని నేను ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి మీరు కొనాల్సింది డబుల్ వాల్ అల్లాయ్ రిమ్ము, లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు లేదా కాస్త ఎక్కువ, వీలైతే ఐలెట్లతో, 36 రంధ్రాలతో. ఇక్కడ ఒక చిక్కుంది. మీ హబ్‌కు 32 రంధ్రాలే ఉన్నాయి, 36 రిమ్ము కావాలంటే హబ్ కూడా మార్చాలి. మీది గేర్ల పళ్ల చక్రాల కట్టను మరతో బిగించే ఫ్రీవీల్ హబ్ అయితే మార్చడమే మంచిది. అందులో కుడివైపు బేరింగు చాలా లోపలికి ఉంటుంది, మీ బరువుకు ఇరుసు వంగడం మామూలే. ఆ కట్ట గాడుల్లోకి జారి కూర్చునే క్యాసెట్ హబ్‌లో బేరింగు అంచుకు దగ్గరగా ఉండి ఇరుసును కాపాడుతుంది. బడ్జెట్ చాలకపోతే ఉన్న హబ్‌కే 32 రంధ్రాల మంచి డబుల్ వాల్ వేయించుకోండి, బాగా కడితే అదీ మీకు చాలు. పుల్లలు మాత్రం అన్నీ కొత్తవే వేయించండి, పాతవి ఇప్పటికే సగం అలసిపోయి ఉన్నాయి. పైగా కొత్త రిమ్ము లోతు మారితే పుల్లల పొడవు కూడా మారుతుంది.

కట్టేవాళ్లను ఒక మాట అడగండి: టెన్షన్ మీటరు ఉందా అని. కుడివైపు పుల్లలు 110 నుంచి 120 కిలోల మధ్య ఉండాలి, రిమ్ము మీద కంపెనీ ఇంతకంటే తక్కువ హద్దు రాసి ఉంటే అదే పాటించాలి. ఒకే వైపు పుల్లల మధ్య తేడా పదో వంతుకు మించకూడదు. మీటరు లేకపోతే ఒక్కో పుల్లను గోటితో మీటి వినమనండి, ఒకే వైపువన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. చక్రం కట్టాక పక్కపక్కన సమాంతరంగా ఉన్న పుల్లలను జతలుగా అరచేత్తో గట్టిగా పిండి, మళ్లీ తిన్నగా చేయాలి. ఈ పిండే పని చాలామంది వదిలేస్తారు. దానివల్లే పుల్ల వంపు హబ్ రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుంది, వంపులో దాగిన ఒత్తిడి పోతుంది.

టైరు 37 లేదా 40 మిల్లీమీటర్ల వెడల్పుది వేయండి. మీ బరువుకు వెనక 65 నుంచి 70 పీఎస్ఐ, ముందు 55 చాలు, టైరు మీద రాసిన హద్దు దాటకుండా. గాలి వారానికోసారి చూసుకోండి, రిమ్ము సొట్టల్లో చాలావరకు గాలి తగ్గిన టైరుతో గుంతలో పడినవే. కొత్త చక్రంతో 200 కిలోమీటర్లు తొక్కాక ఒకసారి తెచ్చి టెన్షన్ చూపించండి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి సరిపోతుంది.

మీ హబ్ రకం, వెనక ఫోర్కు లోపలి వెడల్పు 130 మిల్లీమీటర్లా 135 ఆ అన్నది, మీరు ఎంచుకున్న రిమ్ము పేరు చెప్పండి. పుల్లల పొడవు రెండు వైపులకూ లెక్కగట్టి ఇస్తాను, దాంతో విజయవాడలోనే కొనుక్కోవచ్చు.